డాక్టరుకు చెప్పని ఫిట్స్

బిడ్డా మంజులా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. ఈరోజు మీ చిన్నాయన కూతురు శైలజను మన ఊరు గట్టు నుంచి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. దానికీ నీలాగే ఫిట్స్. గంజాయి మొక్క నుంచి తీసిన, మత్తెక్కించని కన్నబిడియోల్ నూనెమందు నెలగా వాడుతున్నారు.

"ఎలా ఉంది?" అని డాక్టరమ్మ అడిగింది.

మీ చిన్నాయన చేతులు కట్టుకుని, "మంచిగైంది మేడం" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏడ మంచిగైందిరా? నిన్న నాలుగుసార్లు పడ్డది. మందిచ్చినామె బాధపడతదని అబద్ధం చెప్తవా? పోరి పానం మీదికొస్తది!" అని అరిచాను.

డాక్టరమ్మ తాను రాసుకున్నది కొట్టేసింది. "ఇంట్లో జరిగింది చెప్తేనే కదా, మందు పనిచేస్తుందో లేదో నాకు తెలిసేది?" అని మొదటి నుంచి అడిగింది.

అప్పట్లో నువ్వు రోజూ పడుతున్నా, మీ నాయిననైన నేను ప్రతి నెలా నీ డాక్టరుతో "తగ్గినయ్ సార్" అన్నాను. ఆయన నా మాట నమ్మి మళ్లీ అదే మందు రాశాడు.