రేడియం రాయి, పట్టు కొంగు

వనపర్తి,
12-3-1938

అమ్మకు అనంతయ్య నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. వంట నేనే చేసుకుంటున్నాను. రాజోలిలో నువ్వూ బాగున్నావని అనుకోవాలని ఉంది. నీ ఉత్తరం అనుకోనివ్వడం లేదు.

చలిజ్వరానికి దవాఖానలో ఇచ్చిన మందు మానేసి, దేవరాజు అమ్మిన రేడియం రాయి కుండలో వేసి ఆ నీళ్లు తాగుతున్నానని రాశావు. చీకట్లో మెరుస్తోంది, రేడియం కాదా అని అడిగావు. కాదు. అలాంటి రాయి ఎండ తగిలితే కాసేపు మెరుస్తుంది. కొన్నాళ్లు పెట్టెలో ఉంచి చూడు, మెరవదు. రేడియానికి ఎండ అక్కర్లేదు.

నీ కోడలు రేణుక కూడా మందు మాని, పోయేదాకా ఆ నీళ్లే తాగింది. అందుకే మొన్న సంతలో దేవరాజు ఎదుటే పరీక్ష పెట్టాను.

గాజుసీసా మూతికి మైనం పోసి, అందులోంచి తీగ దింపి, దాని చివర రెండు పల్చటి బంగారు రేకులు వేలాడదీశాను. పట్టుతో రుద్దిన గాజుకడ్డీని తీగకు తాకిస్తే రేకులు విడిపోయి అలాగే నిలుస్తాయి. రేడియం దగ్గరికి తెస్తే వాటిలోని విద్యుత్తు గాలిలోకి పోయి, రేకులు ముడుచుకుంటాయి.

దేవరాజు రాయికి నీళ్లు పోసి, పసుపు పూసి, తడితడిగానే తీగ మీదికి పట్టాడు. రేకులు ముడుచుకున్నాయి.

"చూసినవా సారూ, నీ సీసానే నా రాయికి మొక్కింది" అన్నాడు.

జనం నవ్వారు. నేను సీసా మీదికి వంగి చూశాను. మైనం మీద నీటి చుక్కలు కనిపించాయి. విద్యుత్తు ఆ తడిలోంచి పోయింది. కడ్డీతో రేకులు మళ్లీ విప్పి, బాట మీది కంకర రాయి తెచ్చి, తడిపి పట్టాను. మళ్లీ ముడుచుకున్నాయి.

"గట్లయితే మా దొడ్డిగోడంత రేడియమే గద, దేవరాజూ" అన్నాడు మేకలమ్మే మాసయ్య.

రెండు రాళ్లనూ, మైనాన్నీ తుడిచి ఆరబెట్టి, రేకులు విప్పి మళ్లీ పట్టాను. రేకులు కదల్లేదు. చివరికి నా గడియారం అద్దం ఊడదీసి, రేడియం పూసిన ముళ్లను దగ్గర పెట్టాను. మెల్లగా ముడుచుకున్నాయి. రేణుక నిద్ర పట్టక టైము చూసుకున్న గడియారం అది.

దేవరాజుకు క్షమాపణ చెప్పకపోతే ఉద్యోగం తీసేస్తామని బడి పెద్దలు అన్నారు. తీసేసుకోమన్నాను. దేవరాజు వెనకే, వచ్చే సంతకు సీసా పట్టుకొని అమరచింత పోతున్నాను.

రేణుక ఆకుపచ్చ గద్వాల చీర చెల్లెలికి ఇచ్చానా అని అడిగావు. ఇవ్వలేదు. చీర నూలుదే కానీ కొంగు పట్టుది. గాజుకడ్డీ రుద్దడానికి ఆ కొంగు కోశాను. ఇంట్లో వేరే పట్టు లేదు. ఉన్నా అదే కోసేవాణ్ణి.

రాయి తీసి పారెయ్యి. మందు వేసుకో. చీర కోసినందుకు నన్ను ఎదురుగా నిలబెట్టి తిట్టాలి నువ్వు. అందుకైనా బతకాలి.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
అనంతయ్య