బండికి నేనంటే పడదు

తమ్ముడూ,

ఈ చీటీ చదివి చించెయ్యి. మీ బావకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు.

బావ నడిపే మట్టి ఎత్తే లోడరుకి యాక్సిలరేటర్ పెడల్ మార్చావు, వైరు మార్చావు, డీజిల్ ఫిల్టరూ మార్చావు. నువ్వు నడిపితే చెప్పినట్టు వింటోంది. బావ ఎక్కితే మాత్రం రేసు ఆలస్యంగా అందుకుంటోంది, ఆపమన్నాక కూడా ఉరుకుతోంది అని నిన్న తల పట్టుకున్నావు. "బండికి నేనంటే పడదురా" అని ఆయన నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే మొన్న ఆయన పని నుంచి రాగానే, గడప నుంచి వంటింటి దాకా నెత్తుటి అడుగులు. "ఎవరికే దెబ్బ తగిలింది?" అని నన్నే అడిగారు. చూస్తే ఆయన కుడి అరికాల్లోనే మేకు! నేను పీకుతుంటే కూడా చురుక్కుమనలేదట.

లోపం బండిలో లేదురా. కాలు పెడల్ మీద ఉందో, తీశారో ఆయనకే తెలియడం లేదు. ఆస్పత్రి మాటెత్తితే పని పోతుందని కసురుతున్నారు. ఎలాగోలా నేను తీసుకెళ్తాను. అందాకా ఏదో సామాను రావాలని చెప్పి బండి తాళం నీ దగ్గరే ఉంచుకో.

రేపు మళ్లీ ఆయన్ను ఎక్కించి చూద్దామన్నావట. బండి ముందు నిలబడి ఆపమని చెయ్యి ఊపేది నువ్వే కదరా.

అక్క