మేకుకి వేలాడే కత్తెర

ప్రియమైన మాస్టారికి,

మీ పిట్ట రాసేది. నేను బాగున్నాను. మోకాలి నొప్పి తగ్గిందో లేదో మీరు రాయలేదు. తగ్గకపోతే తగ్గలేదనే రాయండి. దాచిపెడితే నేను ఇంకా పెద్దది ఊహించుకుంటాను.

శనివారం బస్సులో పార్సిల్ అందింది. ముక్కలన్నీ సరిపోయాయి. చుట్టి పంపిన మిగులు గుడ్డ ఎవరిది వాళ్ళ పేరుతో దాచాను. నేను కొలతలు తీసి గుడ్డ మీకు పంపడం, మీరు ఆదివారం ఫ్యాక్టరీ క్యాంటీన్ బల్ల మీద కత్తిరించి తిరిగి పంపడం, నేను కుట్టడం. మీరు ఆ బట్టల ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్ళినప్పటినుంచీ ఇదే మనకి అలవాటైపోయింది. చూసేవాళ్ళకే నవ్వులాట. నిన్న మందుల షాపు బాబాయిగారు వచ్చి, "ఏమ్మా, నా చొక్కా ఇప్పుడు ఏ ఊళ్ళో ఉంది? నాకంటే అదే ఎక్కువ తిరుగుతోంది," అన్నారు.

అసలు సంగతి ఇది. ఆస్పత్రి పెద్ద నర్సమ్మ వచ్చింది. కొత్తగా చేరిన నర్సులందరికీ తెల్లకోట్లు కుట్టాలట. అవి నచ్చితే ఇకమీద ఆస్పత్రి బట్టలన్నీ మనకే ఇస్తుందట. "కానీ ఈ గుడ్డ బస్సెక్కడానికి వీల్లేదు. ఇక్కడే కోయాలి. కోసేది కూడా..." అంటూ ఉంది, నేను మధ్యలోనే "అమ్మో, నాకు రాదండీ" అనేశాను. "నేనింకా అడగనే లేదు, అప్పుడే రాదా?" అని నవ్వింది. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమని వెళ్ళింది.

చెప్పడానికేముంది. పెళ్ళయిన కొత్తలో మీ పెద్ద కత్తెర పట్టుకుని ఎవరిదో ప్యాంటు గుడ్డ పొట్టిగా కోసేశాను కదా. అత్తయ్య కత్తెర తీసి పై మేకుకి తగిలించారు. మీకు అందేది, నాకు అందదు. ఇప్పటికీ స్టూలెక్కి దాని దుమ్ము దులిపి, మళ్ళీ అక్కడే తగిలిస్తాను. దారాలు తెంపే చిన్న కత్తెర చాలు నాకు.

మీరే ఒక వారం సెలవు పెట్టి వచ్చి, కోసి వెళ్ళకూడదూ?

ఆ దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ
బెదురుపిట్ట

*

ప్రియమైన బెదురుపిట్టకి,

మోకాలు తగ్గలేదు. అడిగావు కాబట్టి రాశాను, ఇక ఊహించుకోకు.

సెలవు అడిగాను. మేనేజరు నా మొహం కూడా చూడకుండా తల అడ్డంగా ఊపాడు. పైగా ఇంకో మాట చెప్పాడు. నా కాంట్రాక్టు గడువు ఈ నెలతో అయిపోతుంది. మరో రెండేళ్ళకి సంతకం పెడతావా, ఇంటికి వెళతావా, తేల్చుకోమన్నాడు.

ఇంటికొస్తే షాపులో ఏం కుట్టి బతుకుతామన్నదే కదా మన బెంగ. ఆస్పత్రి పని చేతికొస్తే ఆ బెంగ తీరినట్టే. సంతకం పెట్టను, పెట్టె సర్దుకుంటాను. ఇదంతా రాసి నిన్ను తొందరపెట్టడం లేదు. పెడుతున్నాను, అబద్ధమెందుకు.

ఒక్కటి అడుగుతాను. చీర కట్టుకున్నంత తేలిగ్గా "నాకు రాదు" అంటావు. సైకిలు నాకు రాదన్నావు, బ్యాంకులో మాట్లాడటం నాకు రాదన్నావు. ప్రయత్నించి రాకపోయినవి ఎన్ని, ముందే రాదనేసినవి ఎన్ని? నాకు జవాబు రాయక్కర్లేదు. వంట చేసుకుంటూ ఆలోచించు.

బాబాయిగారి చొక్కా ముక్కలు, మిగులు గుడ్డ పంపుతున్నాను.

నీ
మాస్టారు

*

ప్రియమైన మాస్టారికి,

మీకు వయసు మీద పడుతోందండీ. చొక్కాకి కాలరు ఏది? పార్సిల్ కాగితం దులిపాను, గోనెసంచి తిరగేశాను. ముందు ముక్కలున్నాయి, వీపుంది, చేతులున్నాయి, కాలరు మాత్రం లేదు. బాబాయిగారేమో రేపు ప్రయాణమని వచ్చి కూర్చున్నారు. "కాలరు లేకుండా వేసుకెళ్ళనా? చలికాలం కాదులే," అని వెక్కిరింపొకటి.

మీకు రాసి తెప్పించే వ్యవధి లేదు. స్టూలెక్కాను. కత్తెర తీశాను. ఎంత బరువండీ అది. ముందు ఆయన పాత చొక్కా కాలరు చూసి పాత పేపరు మీద గీసి కోశాను. తర్వాత మిగులు గుడ్డ మీద సుద్దముక్కతో గీశాను. దేవుడి పటం ముందు నిలబడి, "స్వామీ, నా చేత తప్పు జరగనివ్వకు," అని దణ్ణం పెట్టుకుని కోశాను. ఆ భయానికి ఆ పూట అన్నం కూడా సయించలేదు.

కుదిరింది. బాబాయిగారు అద్దంలో చూసుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆయన ఏమీ అనలేదంటే బాగున్నట్టే.

అయినా ఇంకోసారి ఇలాంటి పరీక్ష పెట్టకండి. కాలరంటే చిన్న ముక్క. కోటు కోయడం నావల్ల కాదు. కత్తెర మళ్ళీ మేకుకే తగిలించాను.

డాక్టరమ్మ తన కోటుకి గుడ్డ ఇచ్చింది. బయటివైపు మాత్రమే ఏటవాలు గీతలుండే మంచి రకం. జాగ్రత్తగా కోయండి.

మీ
బెదురుపిట్ట

*

ప్రియమైన బెదురుపిట్టకి,

అన్నం మానేసినందుకు కోప్పడాలో, కాలరు కోసినందుకు పొగడాలో తెలియక ఊరుకుంటున్నాను.

డాక్టరమ్మ కోటు పూర్తిగా కోసి పంపుతున్నాను. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను, ఒక్క ముక్క కూడా తగ్గలేదు. నువ్వు స్టూలెక్కే పని లేదు. స్థిమితంగా కుట్టుకో, వేళకి తిను.

పెద్ద నర్సమ్మకి ఏం చెప్పావో రాయలేదు. నేనూ అడగను.

నీ
మాస్టారు

*

ప్రియమైన మాస్టారికి,

పార్సిల్ అందింది. కోటు కుట్టి ఇచ్చేశాను. డాక్టరమ్మ తొడుక్కుని, చేతులు అటూ ఇటూ ఊపి చూసుకుని సంతోషంగా వెళ్ళింది.

సుద్దముక్కలు అయిపోతే కొత్తవి కొన్నాను. ఇక్కడ కాస్త తీరిక లేదు, తర్వాత వివరంగా రాస్తాను. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ
పిట్ట

*

ప్రియమైన పిట్టకి,

ఇంత పొట్టి ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. కరెంటు పోయిన సంగతి రాయడానికి కూడా నీకు రెండు పేజీలు కావాలి. ఆ తర్వాత పార్సిలూ రాలేదు, గుడ్డా రాలేదు. నామీద అలిగావని నాకర్థమైంది.

అలగడం న్యాయమే. బాబాయిగారి కాలరు నేను మర్చిపోలేదు, కావాలనే పంపలేదు. నీ చేత కత్తెర పట్టించాలని ఎత్తు వేశాను. తర్వాతి పార్సిల్లో చేతుల ముక్కలు ఆపేద్దామని, ఆ తర్వాత గుడ్డ గుడ్డలాగే తిరిగి పంపేద్దామని అనుకున్నాను. నువ్వు అన్నం మానేశానని రాసేసరికి నామీద నాకే చిరాకు వేసింది. నేర్పించే పద్ధతి అది కాదు. అందుకే డాక్టరమ్మ కోటు ఏ లోటూ లేకుండా పంపాను.

పెద్ద నర్సమ్మ పని ఒప్పుకోలేకపోతే బాధపడకు. రెండేళ్ళంటే ఎంత, ఇలాగే గడిచిపోతాయి. శుక్రవారం లోగా చెప్పమన్నాడు మేనేజరు. నీ నుంచి ఏ కబురూ రాకపోతే సంతకం పెట్టేస్తాను. క్యాంటీన్ బల్ల ఎక్కడికీ పోదు.

నీ
మాస్టారు

*

ప్రియమైన మాస్టారికి,

సంతకం పెట్టకండి. పోస్టులో వేస్తే శుక్రవారానికి అందదని పార్సిల్ బస్సు డ్రైవరన్న చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. మిగతాదంతా నింపాదిగా చదవండి, ఆ మొదటి మాట మాత్రం ముందు చదవండి.

నేను అలగలేదు. తీరిక లేక రాయలేదు. కోటు గుడ్డ థానులకి థానులు వచ్చి పడితే ఎవరికి తీరిక ఉంటుంది? నర్సమ్మల కోట్లు అన్నీ అయిపోయాయి. అన్నీ నేనే కోశాను. నిన్న పెద్ద నర్సమ్మ ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసింది. ఒకదానికి జేబు కిందికి పెట్టేశాను, ఆవిడ కంటపడింది. నేను "అయ్యో" అనలేదు. "అది తెలుసమ్మా, సాయంత్రానికి విప్పి పైకి కుడతాను," అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ కోటు మడిచి పెట్టి, "మరి వచ్చే నెల ఆపరేషన్ గది బట్టలు కూడా పంపనా?" అంది. పంపమన్నాను.

మీ కాలరు ఎత్తు వల్ల నాకు ధైర్యం వచ్చిందనుకుంటున్నారేమో. రాలేదండీ. ఆ ఎత్తు అప్పుడే పట్టేశాను, కాలరు మర్చిపోయే మనిషా మీరు? దానితో భయం ఇంకా పెరిగింది. ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో చెబుతాను, చెప్పకూడదనుకున్నాను గానీ.

ఏ లోటూ లేదని రెండుసార్లు చూసుకున్నానని రాశారే, డాక్టరమ్మ కోటు, దాని ఎడమ చెయ్యి చంకకి పెట్టాను. ముచ్చటగా కుదిరింది. కుడి చెయ్యి పెట్టాను. వెనక్కి తిరిగింది. విప్పి, తిప్పి, మళ్ళీ పెట్టాను. గీతలు లోపలికి పోయాయి. అప్పుడు రెండూ పక్కపక్కన బల్ల మీద పరిచి చూశాను. రెండూ ఎడమ చేతులే. మీ ఫ్యాక్టరీలో గుడ్డంతా బయటివైపు పైకి ఉండేలా పరిచి కోస్తారని రాశారు కదా, ఆ అలవాటున మడత వేయకుండా పరిచి, ఎడమ చేతి ముక్కనే రెండుసార్లు కోసి ఉంటారు.

ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్ళీ చూశాను, అచ్చు సరిపోయాయి. తర్వాత నవ్వొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు, ఒక్కదాన్నే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. నా మాస్టారు, కళ్ళు మూసుకున్నా గీత తప్పని మనిషి, డాక్టరమ్మకి రెండు ఎడమ చేతులు పెట్టారు. పెట్టినా ఏమైంది? మిగులు గుడ్డ ఉంది, సుద్ద ఉంది, పై మేకుకి కత్తెర ఉంది. ఇన్నేళ్ళూ నేను తప్పంటే లోకం మునిగిపోతుందనుకున్నాను. అది ఇంకో ముక్క కోసుకుంటే అయిపోయేదట.

దేవుడి పటం ముందు నిలబడి, ఆ రోజు ప్రార్థన మార్చుకున్నాను. నా చేత తప్పు జరగనివ్వకు అని అడగలేదు. జరిగితే దిద్దుకునే ఓపిక ఇయ్యి స్వామీ అన్నాను. స్టూలెక్కి కత్తెర దించి, మీరు కోసిన ఎడమ చేతి ముక్కని బోర్లించి పెట్టి, దాని చుట్టూ గీసి, కుడి చెయ్యి కోశాను. ఆ పూట వేళకే అన్నం తిన్నాను. మర్నాడే పెద్ద నర్సమ్మ దగ్గరికి నడిచి వెళ్ళి, "ఆ గుడ్డ పంపించండి," అన్నాను.

ఆ పై మేకు పీకేశాను. కొత్త మేకు నా మోచేతి ఎత్తులో కొట్టాను. వంకరగా దిగింది, అలాగే ఉంచాను, కత్తెర చక్కగానే నిలబడుతోంది. మీరు వచ్చాక వంగి తీసుకోవలసి వస్తుంది. వంచాల్సింది మోకాలు కాదులెండి, నడుమే.

ఈ ఉత్తరంతో ఒక చొక్కా పంపుతున్నాను. బస్సెక్కి తిరిగొచ్చిన గుడ్డ కాదు, ఇక్కడే కోసి ఇక్కడే కుట్టాను. శుక్రవారం అది తొడుక్కునే మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఇక వెళ్ళొస్తానని చెప్పండి. కావాలంటే చేతులు చూసుకోండి, ఒకటి ఎడమ, ఒకటి కుడి.

పెట్టె త్వరగా సర్దుకోండి, ఆపరేషన్ గది బట్టలు వచ్చేస్తున్నాయి. ఒకటే షరతు. ఆ రెండు ఎడమ చేతులు కూడా నాకు నేర్పడానికే పంపానని మాత్రం ఇంటికొచ్చాక ఎవరి దగ్గరా అనకండి.

మీ
పిట్ట