నీళ్లు తగిలిన చక్రాలు

2022 ఏప్రిల్ 24, ఆదివారం. వంట అయింది. బట్టలు ఆరేశాను. పాల లెక్క రాశాను.

శీనూ, నీ స్కేట్‌బోర్డు ఇవాళ మళ్లీ కదిలింది.

నిరుడు నిన్ను కోవిడ్ వార్డుకు తీసుకెళ్లిన రోజున మీ అన్న భయంతో ఇల్లంతా సబ్బునీళ్లతో కడిగారు. బోర్డునూ కడిగారు. నువ్వు తిరిగి రాలేదు. దాని చక్రాల్లోని బేరింగులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

తాపీ నది గట్టున స్కేటింగ్ నేర్చుకుని, పోటీలు గెలిచి, సినిమాల్లో వేషాలు వేశావు. మీ అన్నకు మాత్రం ఆ బోర్డు చెక్కబండే. నీ చివరి సినిమా మొన్న ఓటీటీలో వచ్చింది. నువ్వు మెట్ల మీంచి బోర్డుతో దూకే చోట ఆపి, మీ అన్న మళ్లీ మళ్లీ చూశారు. ఇవాళ పొద్దున తను పనిచేసే మగ్గాల కార్ఖానా నుంచి తన పనిముట్లు తెచ్చుకుని, కొత్త బేరింగులు వేశారు.

నువ్వు నేర్పుతానని మాటిచ్చిన పక్కింటి పింకీని పిలిచారు.

"ఇగో బిడ్డా, ఎక్కు. నాలెక్క దీన్ని నీళ్లతోని కడగకు."

"అంకుల్, నీకు నడపొస్తదా?"

"రాదు. నేను పట్టుకుంట, నువ్వు ఎక్కు."

పింకీ మన ఇళ్ల సొసైటీ గేటు దాకా వెళ్లింది. చేయి పట్టుకుని పక్కనే పరుగెత్తిన మీ అన్న, అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. నేను మంచినీళ్లు తీసుకెళ్లాను.

పింకీకి నువ్వు పడ్డ బాకీ ఇవాళ తీరింది.