ఫ్లాష్ వాడకూడని గది

జూన్ 9, సోమవారం

నవ్య వాళ్ల బాబు నిన్న మధ్యాహ్నం మూడింటికి పోయాడు. ఇరవై ఐదో వారంలో పుట్టాడు. పంతొమ్మిది రోజులు ఉన్నాడు. మెదడులో రక్తస్రావమయ్యాక ఇక చేయగలిగింది లేదని డాక్టర్ గారు శనివారమే చెప్పేశారు.

నేను పదకొండు ఫోటోలు తీశాను. ఇందాక ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూశాను. ఒక్కటీ షార్ప్‌గా లేదు.

ఒకదానిలో బాబు కళ్లు తెరిచాడు. నవ్య చూపుడువేలు వాడి అరచేతిలో ఉంది. అదే అన్నిటికంటే ఘోరంగా వచ్చింది. తడి గుడ్డతో తుడిచేసినట్టు.

పోయినేడాది ఒక తండ్రి, పాపను తెల్లబట్టలో చుట్టి చేతికిచ్చాక, లిఫ్ట్ పక్కన నిలబడి ఒంటిచేత్తో ఫోన్ తీసి ఫోటో తీసుకోవడం చూశాను. ఆ పాపకు అదొక్కటే ఫోటో. మర్నాడే మా పసిపిల్లల ఐసీయూ నర్సుల ఇన్‌చార్జ్ జయలక్ష్మి మేడమ్‌ని అడిగాను. ఇంటికి వెళ్లరని తెలిసిపోయిన పిల్లలకి, అమ్మానాన్నలు కోరితే, ఊపిరి ఉండగానే ఒక మంచి ఫోటో తీసిస్తానని. ఆవిడ ఒప్పుకుంది. ఫ్లాష్ వాడకూడదు, నీ డ్యూటీ ఆగకూడదు, ఆ ఫోటో వాళ్లకి తప్ప ఎవరికీ పోకూడదు అంది. కెమెరా మా ఆయన కిరణ్ పాల్‌ది. ఇప్పటికి పద్నాలుగు మంది పిల్లలు.

పదమూడు మందివి ఎలాగోలా వచ్చాయి.

జూన్ 10, మంగళవారం

నవ్య భర్త తేజ మెసేజ్ పెట్టాడు, ఫోటోలు ఎప్పుడిస్తారని. ఎడిట్ చేస్తున్నానన్నాను. అబద్ధం.

జూన్ 12, గురువారం

పాల్‌కి చూపించాను. రూల్ ప్రకారం చూపించకూడదు. కానీ ఏం తప్పు చేశానో తెలియాలి.

అతను బాబును చూడలేదు. ముక్కులో గొట్టం కదలకుండా వేసిన ప్లాస్టర్‌ని చూశాడు. ప్లాస్టర్ అంచు కూడా చెదిరింది చూడు అన్నాడు. పక్కన మానిటర్ మీద అంకెలూ చెదిరాయి. అంటే కదిలింది బాబు కాదు, నీ చెయ్యి.

నాకు తెలుసు. బాబు మత్తుమందు మీద ఉన్నాడు. కళ్లు తెరిచాడు, అంతే. చెయ్యి కదపలేదు.

తప్పంతా నీది కాదులే అన్నాడు పాల్. కెమెరాతో వచ్చిన లెన్స్ అది, జూమ్ చేస్తే వెలుతురు వచ్చే రంధ్రం 5.6కి ఇరుకైపోతుంది. మీ గదిలో అంత చీకట్లో షట్టర్ పదో వంతు సెకను తెరుచుకునే ఉంటుంది. 2.8 అయితే నాలుగింతల వెలుతురు పట్టేది.

అప్పట్నుంచీ రివ్యూలే చూస్తున్నాడు. 24-70 లెన్స్. జూమ్ చేసినా 2.8 తగ్గని ప్రొఫెషనల్ జూమ్. దాదాపు కిలో బరువు. చివరికి వద్దన్నాడు. ఆ డబ్బుకి జూమ్ లేని ప్రైమ్ లెన్స్‌లు రెండు వస్తాయట, ఇంకా తేలిక, ఇంకా వెలుతురు. ఒకటి దగ్గరికి, ఒకటి దూరానికి. మార్చుకుంటే సరి.

మార్చడం కుదరదు. లోపలికి వెళ్లే ప్రతి వస్తువునీ స్పిరిట్‌తో తుడవాలి. ఇంక్యుబేటర్ పక్కన నిలబడి లెన్స్ విప్పుతానా? వెనక్కి జరగడానికీ చోటు లేదు, నా వీపు వెనకే ఇంకో బిడ్డ. తల్లి చెయ్యీ తండ్రి చెయ్యీ బిడ్డా అన్నీ పట్టాలి. మరుక్షణం వేళ్లు మాత్రమే కావాలి. ఒక్కోసారి ఉండేదే నాలుగు నిమిషాలు.

ఇదంతా చెప్పాను. పాల్ మెల్లగా అన్నాడు, ప్రశాంతీ, ఏడాదికి పదిసార్లు వాడేదానికా ఇదంతా అని.

పదిసార్లు కాదు. పద్నాలుగు.

జూన్ 14, శనివారం

మాదాపూర్‌లో లెన్స్‌లు కిరాయికిచ్చే షాపుకెళ్లాను. ఖాజాగూడ నుంచి గంట పట్టింది, వాన. ఆ 24-70నే మూడు రోజులకి తీసుకున్నాను. కౌంటర్‌లో అతను రసీదు రాస్తూ అడిగాడు, ఎందుకు మేడమ్, పెళ్లికా, బేబీ షూట్‌కా?

బేబీ షూట్ అన్నాను.

జూన్ 17, మంగళవారం

మూడు రోజులూ బ్యాగులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లాను. అవసరం రాలేదు. పొద్దున బస్సులో ప్రార్థన కూడా చేసుకున్నాను, రాకూడదని. వాడకుండానే ఇచ్చేశాను. వాడే రోజు రాకూడదని దేవుణ్ణి అడిగే వస్తువుని ఎవరైనా కొనుక్కుంటారా?

జూన్ 19, గురువారం, సాయంత్రం 4.15

నవ్య వచ్చింది. ఫోన్ కూడా చేయలేదు. కింద క్యాంటీన్‌లో కూర్చుని పైకి కబురు పంపింది. మెడలో ఆఫీసు ఐడీ కార్డు. పనిలోకి వెళ్తున్నావా అంటే, ఇంట్లో ఏం చెయ్యను సిస్టర్ అంది. కాకినాడ నుంచి వాళ్లమ్మ వచ్చి ఉందట. పాలు ఆగడానికి ఇచ్చిన మాత్రలు ఇంకా వేసుకుంటోందట.

ఫోటోలు ఎలా ఉన్నా ఇచ్చేయండి అని నా చెయ్యి పట్టుకుంది.

బాగా రాలేదని, నన్ను క్షమించమని చెబుతూనే ఫోన్‌లో ఆ ఒక్క ఫోటో తెరిచి ఇచ్చాను. ఆమె చూసింది. దగ్గరగా పెట్టుకుని చూసింది. టీ ఇచ్చేవాడు వచ్చి కప్పు పెట్టి వెళ్లాడు. నేను బల్ల మీది తడి మరకను చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఆమె తలెత్తింది. ముఖంలో ఏదో వెలిగింది. ఇందులో వాడు కదిలాడు కదా సిస్టర్, నా వేలు పట్టుకోబోయాడు కదా, అందుకే కదా ఇలా వచ్చింది అని అడిగింది.

నేను అవునన్నాను.

నాకు తెలుసు, నాకు తెలుసు అనుకుంటూ అక్కడే ఏడ్చింది. పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. మిగతావీ పంపండి సిస్టర్, వాడు కదిలినవన్నీ కావాలి అంది.

పదకొండూ పంపేశాను. రౌండ్స్‌కి ఆలస్యమైంది.

జూన్ 20, శుక్రవారం

తేజ మెసేజ్. ఉన్నదున్నట్టు రాసిపెట్టుకుంటున్నాను.

"సిస్టర్ గారూ, నేను కాలేజీలో ఫోటోగ్రఫీ క్లబ్‌లో ఉండేవాణ్ణి. ప్లాస్టర్ కూడా చెదిరింది. నవ్యకి చెప్పకండి. నిన్న రాత్రి అన్నం తింది. థాంక్స్ అండీ."

జూన్ 22, ఆదివారం

చర్చి నుంచి వస్తూ చెరువు దగ్గర బండి ఆపించి పాల్‌కి అంతా చెప్పాను. మంచి అబద్ధమే కదా అన్నాడు. ఆమెకి బాబు కదిలాడు. అది చాలదా?

చాలదు. ఆమె చూడాల్సింది బాబును. చూస్తున్నది నా చేతి వణుకును. జీవితాంతం దాన్నే ముద్దు పెట్టుకుంటుంది. పోనీ, అది జరిగిపోయింది, ఆమెకి అలాగే ఉండనీ. కానీ ఇంకో తల్లి ముందు కూర్చుని మళ్లీ అవునని చెప్పే శక్తి నాకు లేదు. ఇది కోపంగా చెప్పాననుకుంటాను, పాల్ బండి స్టాండ్ వేసి హెల్మెట్ తీశాడు.

నీకు చెయ్యి ఎందుకు వణికింది అని అడిగాడు. ఏడాదిగా తీస్తున్నావు కదా.

ఆ పంతొమ్మిది రోజుల్లో పన్నెండు రోజులు వాడు నా డ్యూటీలోనే ఉన్నాడు. వాడి సన్నటి తలకి టోపీ నేనే తొడిగేదాన్ని.

లెన్స్‌తో వణుకు పోదు ప్రశాంతీ అన్నాడు. పోదు. కానీ షట్టర్ త్వరగా మూసుకుంటే, వణికినా బాబు బాబులా వస్తాడు అన్నాను.

పాల్ హెల్మెట్ పెట్టుకుని బండి తీశాడు.

జులై 6, ఆదివారం

కొన్నాం. సెకండ్ హ్యాండ్. పాల్ స్వయంగా వచ్చి, గాజు మీద టార్చి వేసి గీతలున్నాయేమో చూసి, బేరమాడాడు. ఇంటికొచ్చాక దాన్ని బల్ల మీద పెట్టి ఇద్దరం అన్నం తిన్నాం. ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు.

జులై 24, గురువారం, మధ్యాహ్నం 1.30

నానక్‌రామ్‌గూడ అమ్మాయి. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఆడపిల్ల పుట్టి ఆరు రోజులు. పాపకి గుండె సరిగా ఏర్పడలేదు. భర్త బయట కారిడార్‌లో గోడకి తల ఆనించి నిలబడ్డాడు, లోపలికి రానన్నాడు. అమ్మాయి వెంట వాళ్లమ్మ కిష్టమ్మ వచ్చింది. ఈ ఐటీ టవర్లు కట్టకముందు వాళ్ల పొలం ఇక్కడికి దగ్గర్లోనే ఉండేదట.

పాపను గొట్టాలతోనే అమ్మాయి గుండెల మీద పెట్టాం. కెమెరా ఎత్తాను. కిష్టమ్మ లెన్స్‌కి అరచెయ్యి అడ్డం పెట్టింది.

ఫోటో వద్దేమో, కొందరు అపశకునం అంటారు, అనుకుని దించేశాను. అది కాదు. నా చెవి దగ్గరికొచ్చి అంది, "పసిదాన్ని తియ్యకు బిడ్డా. దాని మొఖం దాని తల్లికి సచ్చేదాంక యాదుంటది. నా బిడ్డను తియ్యి. అది తల్లయిన మొఖం ఎవరికి యాదుంటది? రేపటి సంది దాన్ని అమ్మా అని ఎవరు పిలుస్తరు?"

ఏడాదిగా నేను వేళ్లు తీశాను, పాదాలు తీశాను, రెప్పలు తీశాను. తల్లుల చేతులే తీశాను, మణికట్టు వరకు. పద్నాలుగు మంది తల్లుల్లో ఒక్క ముఖం కూడా నా దగ్గర లేదు.

అమ్మాయి మమ్మల్ని పట్టించుకోలేదు. పాప నెత్తిని వాసన చూస్తోంది. కళ్లు మూసుకుని, ఆకలైనవాళ్లు వంటింటి వాసన చూసినట్టు. జూమ్ వెనక్కి తిప్పాను, ముందుకు తిప్పాను. నిద్ర లేని కళ్ల కింద నలుపు, పగిలిన పెదవి, చెమటకి అంటుకున్న జుట్టు, అన్నీ పట్టాయి. ఈసారి కూడా చెయ్యి వణికింది. ఫోటో వణకలేదు.

ఏడు నిమిషాలు దొరికాయి.

జులై 26, శనివారం

కిష్టమ్మకి చదవడం రాయడం రాదు. వాయిస్ మెసేజ్ పెట్టింది.

"చూసినం బిడ్డా. మంచిగొచ్చింది. అచ్చం బాలెంత లెక్కనే ఉంది మా పిల్ల."

తర్వాత ఆపడం తెలియలేదేమో. ఇంకో నలభై సెకన్లు రోడ్డు, ఆటోల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం. చివరిదాకా విన్నాను.