బర్చ్ ల్యాండింగ్‌లో నా ఆవిరి పోరాటం

నవంబరు 3, సోమవారం

మా బార్ తలుపు మీద టౌన్ కౌన్సిల్ నోటీసు అంటించి పోయారు. ఇకమీదట ఈ-సిగరెట్ పీల్చాలంటే బార్లో కుదరదు, పార్కులో కుదరదు, బస్టాపులో కుదరదు. మామూలు సిగరెట్లు తాగేవాళ్ళతో కలిసి వెనక చెత్తడబ్బాల దగ్గరికి పోవాలట. ఓటింగ్ 24న.

తీర్మానం పెట్టిందెవరు? నా సొంత చెల్లెలు కార్లా. దాన్ని కౌన్సిల్లో కూర్చోబెట్టడానికి ఇంటింటికీ తిరిగి ఓట్లడిగిందెవరు? నేనే. శభాష్ వెర్నా!

ముప్పై ఏళ్ళు సిగరెట్లు తాగినదాన్ని. నికొటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్ములు, కళ్ళలోకి చూసి మాన్పిస్తానన్న హిప్నటిజం ఆయన... ఏదీ పనిచెయ్యలేదు. ఈ నీలం వేప్, అదే ఈ-సిగరెట్, వచ్చాక రెండేళ్ళుగా ఒక్క సిగరెట్ ముట్టలేదు. అలాంటి నన్ను మళ్ళీ పొగరాయుళ్ళ మధ్యే నిలబెడతారా? ఎంత ఆరోగ్య స్పృహ!

ఒట్టు: ఈ చట్టాన్ని ఆపి తీరతాను. అరవను. కార్లాని తిట్టను. ప్రాణం పోయినా సిగరెట్ ముట్టను.

నవంబరు 7, శుక్రవారం

శుక్రవారం చేపల వేపుడు కదా, బార్ కిటకిట! కుర్చీ ఎక్కి మాట్లాడాను. చప్పట్లే చప్పట్లు! రోజూ మా బార్‌కొచ్చే నోర్బర్ట్ గడ్డం నిండా సాస్‌తో లేచాడు. "మన ఊపిరి మీద వీళ్ళ పెత్తనమేంటి? 24న ముందు వరుసలో కూర్చుంటా, రాసుకో వెర్నా!" వాడు తాగేది మామూలు సిగరెట్లే. అయినా ఆవేశం ఆవేశమే.

ఊరంతా నా వెనకే ఉంది!

మా ఆయన ఆర్లెన్ బంగాళాదుంపలు నములుతూ, "వెనక ఉన్నారు సరే, ముందుకెవరొస్తారు?" అన్నాడు. ఓర్వలేనితనం.

నవంబరు 12, బుధవారం

కార్లా వచ్చింది. ఎప్పుడూ తాగే బ్రాందీయే కలిపిచ్చాను. పైన వేసే చెర్రీ మాత్రం వెయ్యలేదు. యుద్ధం యుద్ధమే.

"అమ్మ ఎలా పోయిందో మర్చిపోయావా?" అంది.

"ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో. అందుకే కదా నేను సిగరెట్లు మానింది."

"మానడమా? ఒకటి వదిలి ఇంకోటి పట్టుకున్నావు. పైగా బ్లూబెర్రీ వాసన! పిల్లలు మిఠాయి అనుకుంటున్నారు."

"నీ సెంటు కంపు కంటే నయమేలే!"

బార్లో ఉన్న అందరూ తిరిగి చూశారు. (అరవనని ఒట్టేసింది కౌన్సిల్ ముందు అరవనని. బార్ లెక్కలోకి రాదు.)

నవంబరు 16, ఆదివారం

లైబ్రరీ ముందు నిరసన ప్రదర్శన. వస్తామన్నవాళ్ళంతా టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నారు. వచ్చింది: నేను, కారు నడపడానికి ఆర్లెన్, పైపులు బాగుచేసే ట్రెంట్.

ట్రెంట్‌కి ఉత్సాహం ఎక్కువ. వేప్ వల్ల ఎవరికీ ఏమీ కాదని నిరూపించడానికి, మామిడిపండు వాసనతో ఇంత ఆవిరి మబ్బు తీసుకెళ్ళి లైబ్రరీ పెద్దావిడ మొహం మీదే వదిలాడు. "చూశారా? ఏమైనా అయిందా?" ఆవిడ దగ్గుతూనే ఉంది. పేపరువాళ్ళు ఫొటో తీస్తూనే ఉన్నారు. కార్లాకి ఇంతకంటే మంచి ప్రచారం ఎవరు చేసిపెడతారు?

రేపట్నుంచి గట్టిగా!

నవంబరు 20, గురువారం

ఉపన్యాసం రాశాను. "గౌరవనీయులైన మేయర్ గారూ" దాకా వచ్చింది. తర్వాత జలుబు చేసింది. తర్వాత పెన్ను రాయలేదు. తర్వాత ఓవెన్లో యాపిల్ పై కాల్చుకుని తిన్నాను.

నవంబరు 22, శనివారం

వీధిలో ఒక్క ట్రక్కు లేదు. ఏమైందబ్బా అనుకున్నాను. జింకల వేట సీజను! ఇవాళే మొదలు! 30వ తేదీ ఆదివారం దాకా మగాళ్ళంతా, ఆడాళ్ళలో సగంమంది అడవిలోనే. ఓటింగేమో ఎల్లుండి.

నోర్బర్ట్‌కి ఫోన్ చేశాను. గుసగుసగా, "ఇప్పుడు కాదు వెర్నా, జింక వింటుంది," అని పెట్టేశాడు.

తేదీ పెట్టింది కార్లాయే అయ్యుంటుంది. ఎంత తెలివి! పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఈ ఊళ్ళోనే ఉన్న నాకు ఆ తేదీ తట్టలేదు చూడు, అదీ తెలివంటే.

నవంబరు 24, సోమవారం

హాల్లో కౌన్సిల్ వాళ్ళు, నేను, ఆర్లెన్. మిగతావన్నీ కుర్చీలు.

మైకు ముందు నిలబడ్డాను. "గౌరవనీయులైన మేయర్ గారూ" అన్నాను. అక్కడితో రాసింది అయిపోయింది. కార్లా వైపు చూసి నోటికొచ్చింది చెప్పేశాను.

"స్వేచ్ఛ గురించి చెబుదామనుకున్నా. దాని గురించి నాకు పెద్దగా తెలీదు. సిగరెట్ వాసన వస్తే నాకు ఇప్పటికీ నోరూరుతుంది, అది తెలుసు. మీరు నన్ను ఆ వాసనలోకే పంపిస్తున్నారు. పిల్లల ముందు వద్దంటే పీల్చను. అక్కడికి మాత్రం పంపకండి."

సిగ్గేసింది. మేయర్, "ధన్యవాదాలు. తర్వాతివాళ్ళు?" అన్నాడు. తర్వాత ఎవరున్నారు, కుర్చీలేగా!

చట్టానికి అనుకూలంగా అందరూ చేతులెత్తారు. కార్లా చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. లేవడం మాత్రం లేచింది.

డిసెంబరు 1, సోమవారం

చట్టం అమల్లోకొచ్చింది. చెత్తడబ్బాల పక్కన నిలబడ్డాను. చలికి వేప్ బ్యాటరీ చచ్చింది. అంతలో నోర్బర్ట్. పెద్ద జింకే పడిందట వాడికి. "పాపం, ఓడిపోయావటగా," అని ఎంతో ప్రేమగా సిగరెట్ ఇచ్చాడు.

తీసుకున్నాను. ఇంకోటీ తీసుకున్నాను. స్వర్గం. ఛీ.

ఇంటికెళ్ళాక ఆర్లెన్‌కి వాసన తగిలింది. నా కోటు తీసుకెళ్ళి బయట వరండాలో తగిలించాడు. తిట్టినా బాగుండేది.

డిసెంబరు 4, గురువారం

నేను చెత్తడబ్బాల దగ్గరుండగా కార్లా కారు ఆగింది. నా చేతిలో సిగరెట్ చూసింది.

"ఇది ఎప్పట్నుంచి?"

"నువ్వు చెయ్యెత్తినప్పట్నుంచి." వారం కలిపి చెప్పాను. తగలాలని.

సిగరెట్ లాక్కుని మంచులో వేసి తొక్కింది. ఇక ఆరోగ్య ఉపన్యాసం మొదలవుతుందనుకున్నాను. ఏడ్చేసింది.

"నువ్వు కూడా అమ్మలా పోతావేమోనని భయమేసిందే. నిన్ను కాపాడదామనుకున్నా."

"కాపాడావుగా. చెత్తడబ్బాల పక్కన."

నవ్విందో, ఎక్కిళ్ళు పెట్టిందో తెలీలేదు. వచ్చి నా భుజానికి ఆనుకుని నిలబడింది. కంపు, చలి. ఇద్దరం లోపలికి మాత్రం పోలేదు.

డిసెంబరు 5, శుక్రవారం

మళ్ళీ మొదలు!

వచ్చే సమావేశంలో సవరణ పెడుతున్నాం. వేప్ వాళ్ళకి విడిగా ఒక చోటు కావాలి, సిగరెట్లకి దూరంగా, పిల్లల కంటబడకుండా. ప్రవేశపెట్టేది కార్లా. మాట్లాడేది నేను.

ఒట్టు: అరవను. కార్లాని తిట్టను. సిగరెట్ ముట్టను. పొద్దుట్నుంచి ముట్టలేదు కూడా!

"ముట్టావా?" అని కార్లా ఫోన్ చేసింది. లేదన్నాను. మళ్ళీ చేసింది. లేదే తల్లీ అన్నాను. ఇదిగో, ఇది రాస్తుంటే మళ్ళీ మోగుతోంది.

సిగరెట్ సంగతి ఎలాగో చూసుకుంటాను. కార్లాని తిట్టనన్న ఒట్టే మధ్యాహ్నం దాకా నిలిచేట్టు లేదు.