‘నెమ్మది’ వచ్చిన కార్తీకం

అక్టోబరు 8, బుధవారం

ఒడియా వాళ్ళ కార్తీకం ఈ రోజు మొదలు. మనది దీపావళి మర్నాటి నుంచి. బరంపురంలో పుట్టినందుకు నేను రెండూ చేస్తాను. ఒంటిపూట భోజనం, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. ఈసారి ఇంకో నియమం కలిపాను. కార్తీకం అయ్యేవరకు నోట అబద్ధం రాకూడదు. ఎంత చిన్నదైనా సరే. ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకుంటుందని ఆడేది కూడా అబద్ధమే.

ఆయన విని నవ్వారు. నువ్వు నోరిప్పితే కదా అబద్ధమాడ్డానికి, ఇదేటి నియమం, నువ్వు మాటాడ్డమే ఒక పండగ అన్నారు.

అక్టోబరు 10, శుక్రవారం

శ్రీసుధ కొత్త ఆల్బమ్ వచ్చింది.

మా అమ్మాయి బ్యాండ్ పేరు ‘పిడుగు’. ముగ్గురే. శ్రీసుధ పాడుతుంది, లోకనాథ్ గిటారు, కాసులు డ్రమ్స్. నాలుగేళ్ళుగా మా పెరట్లోని స్టోర్‌రూమ్‌లోనే ప్రాక్టీస్. మొదటి ఆల్బమ్ వింటే పేరు ఎందుకు పెట్టారో ఎవరూ అడగక్కర్లేదు. కాలేజీ పిల్లలు నల్ల టీషర్టుల మీద పిడుగు బొమ్మ వేయించుకుని తిరిగారు.

ఈ ఆల్బమ్ పేరు ‘నెమ్మది’. గిటారు లేదు, డ్రమ్స్ లేవు. అంతా లోకనాథ్ లాప్‌టాప్‌లోనే చేశాడు. శ్రీసుధ తనే నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఎనిమిది పాటలు. మా ఫ్రిజ్ ఆగి ఆగి మూలిగినట్టు ఒకటి, కుళాయి సరిగ్గా కట్టకుండా వదిలేసినట్టు ఒకటి. వాటి వెనక ఎక్కడో మా పిల్ల గొంతు, దుప్పట్లోంచి మాట్లాడినట్టు.

ఎలాగుందమ్మా అంది.

పాలు పొంగుతున్నాయి అని వంటింట్లోకి వచ్చేశాను. పాలు నిజంగానే పొంగుతున్నాయి. అబద్ధం కాదు.

అక్టోబరు 11, శనివారం

పాలు రోజూ సమయానికి పొంగవు.

అక్టోబరు 13, సోమవారం

మధ్యాహ్నం కళ్ళద్దాలు పెట్టుకుని కామెంట్లన్నీ చదివాను. మూడు వందల పైన ఉన్నాయి. ఊరు రెండుగా చీలింది.

ఇది రాక్ కాదు, యోగా క్లాసు అని ఒకడు. మా నాన్న పోయాక మొదటిసారి నిద్రపట్టింది, థాంక్స్ అక్కా అని ఇంకొకరు. లాప్‌టాప్ కొనుక్కున్నారు, కాసుల్ని వదిలేశారు అని ఒకడు. దానికి కింద, నీకు చెవులున్నాయి గాని మనసు లేదు అని ఒకమ్మాయి. ఆమ పిడుగు కువాడె గలా అని ఒక ఒడియా అబ్బాయి పదకొండుసార్లు పెట్టాడు. మన పిడుగు ఎటు పోయిందిరా అని ఏడుపు. ఆ అబ్బాయికి జవాబివ్వాలనిపించింది. నాకు కామెంట్ పెట్టడం రాదు. మంచిదే అయింది.

గోసాని నువాగాంలో టీ బండి దగ్గర అన్నదమ్ములిద్దరు దీని మీదే మాటలు మానేశారట. ఒకే మంచం మీద పడుకుంటారు, మధ్యలో దిండు అడ్డం పెట్టుకున్నారట.

అక్టోబరు 17, శుక్రవారం

లలితా పారాయణం కామాక్షి వదిన ఇంట్లో. నాలుగేళ్ళుగా మా స్టోర్‌రూమ్ మోత గురించి వీధి తరఫున నాకు చెప్పే మనిషి ఆవిడే. ఈ రోజు నా చెయ్యి పట్టుకుని, హైమా, మీ పిల్ల ఇప్పటికి దారిలో పడింది, ఆ పాట పెట్టుకుని నిన్న మినప్పప్పు రుబ్బాను, ఎంత హాయిగా ఉందో, నీకూ ప్రాణం లేచొచ్చుంటుంది కదా అంది. అందరూ నా వంక చూశారు. నేను ప్రసాదం నోట్లో వేసుకున్నాను. రెండోసారి అడిగితే ఇంకాస్త వేసుకున్నాను.

ఎవరికీ చెప్పలేనిది ఇక్కడ రాస్తాను.

నాకు పాత పాటలే ఇష్టం. ఇష్టం అంటే చాలదు.

ఆడపిల్ల మాట అవతలి గదికి వినపడకూడదని మా అమ్మ అనేది. వినపడకుండానే నాకు యాభై ఏళ్ళు వచ్చాయి. స్టోర్‌రూమ్‌కీ వంటింటికీ మధ్య ఒకటే గోడ. సాయంత్రం నాలుగింటికి కాసులు డ్రమ్స్ మొదలెడితే గూట్లో పళ్ళేలు అదురుతాయి. మొదట్లో చెవుల్లో దూది పెట్టుకున్నాను. ఒక రోజు సహస్రనామం చదువుతుంటే నా గొంతు నాకే వినపడలేదు. కాస్త పెంచాను. ఇంకాస్త పెంచాను. కాసులూ పెంచాడు. ఆ రోజు అమ్మవారి నామాలు అరిచి చదివాను. నా దగ్గర అంత గొంతుందని నాకే తెలీదు. నామాలయ్యాక వాళ్ళ పాట అందుకుని అదీ అరిచాను. ఎవరికీ వినపడలేదు. అప్పట్నుంచి రోజూ అంతే. బీపీ తగ్గింది. డాక్టరుగారు ఏం చేస్తున్నారమ్మా అని అడిగారు. పారాయణం అన్నాను.

ఇప్పుడు స్టోర్‌రూమ్‌లో శ్రీసుధా లోకనాథూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు. ఇంట్లో గడియారం వినపడుతోంది. మళ్ళీ పెదాలతోనే చదువుతున్నాను.

ఎందుకమ్మా ఇలా మార్చావు అని శ్రీసుధని ఒకసారి అడిగాను. అరిసి అరిసి అలిసిపోనానమ్మా, ఇప్పుడు పాడాలనుంది అంది. అది అరిచి అలిసిపోయింది. నేను నెమ్మదిగా ఉండి ఉండి అలిసిపోయాను. ఎవరిది తప్పని?

అక్టోబరు 24, శుక్రవారం

గుళ్ళో నల్ల టీషర్టు కుర్రాడొకడు నా కాళ్ళకి దండం పెట్టాడు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరమట. ఆంటీ, మీరొక్క మాట సెప్తే అక్క వింటాది, పాత పాటలు వదిలెయ్యొద్దని సెప్పండి అన్నాడు. వాడి పక్కన ఉన్న పిల్ల వాడి వీపు మీద ఒక్కటిచ్చి, ఆంటీ, ఈడి మాట వినకండి, నెమ్మది బంగారం అంది. ఇద్దరికీ వచ్చే మాఘంలో పెళ్ళట. దేవుడే చూసుకోవాలి.

అక్టోబరు 28, మంగళవారం

తుఫాను వాన. పొద్దుట్నుంచి కరెంటు లేదు. ఆయన ఆఫీసులో, శ్రీసుధ లోకనాథ్ వాళ్ళింట్లో చిక్కుకుపోయారు.

మూడింటికి కాసులు తడిసి ముద్దై వచ్చాడు. డ్రమ్స్ పట్టుకెళ్ళడానికట. ఆరో తారీఖున సూరత్ బండికి టికెట్టు తీయించాడు. వాళ్ళ మావయ్య అక్కడ మగ్గాల ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఇక్కడ నాకు పనేటుంది పిన్నీ, ఆల్బమ్‌లో నా సెయ్యే లేదు కదా అన్నాడు. ఆదివారం హల్దియాపదర్ కల్యాణ మండపంలో ‘నెమ్మది’ ప్రోగ్రాం ఉంది. ఆ ఒక్కటీ కానిచ్చి వెళ్ళిపోతాడట. శ్రీసుధ ఆపలేదా అని అడిగాను. ఏ మొకం పెట్టుకుని ఆపుతాది పిన్నీ అన్నాడు. కోపంగా కాదు. నవ్వుతూనే అన్నాడు. అదే బాగులేదు.

వాన తగ్గేదాకా ఆగమని టీ ఇచ్చాను. వాడు స్టోర్‌రూమ్‌లోకెళ్ళి ఊరికే కూర్చోలేక మొదలెట్టాడు. ఠపఠపా రేకుల మీద వాన, కింద వీడు. పళ్ళేలు అదిరాయి. నేను ఆగలేకపోయాను. మూడు వారాల అప్పు తీర్చినట్టు అరిచాను.

వాడు మధ్యలో టక్కున ఆపేశాడు. నేను ఆపలేదు. ఆపడం ఆలస్యమైంది.

వంటింటి గుమ్మంలోకొచ్చి, పిన్నీ, అరిసింది నువ్వేనేటి అన్నాడు.

నియమం గుర్తొచ్చింది. నేనే అన్నాను.

ఎన్నాళ్ళ నుంచి అన్నాడు. నాలుగేళ్ళు అన్నాను. వాడు గుమ్మంలోనే చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. నా మీద ఒట్టు, ఎవరితోనూ అనకురా అన్నాను. అనను పిన్నీ అన్నాడు. డ్రమ్స్ మాత్రం పట్టుకెళ్ళలేదు. వాన కదా, తడుస్తాయి అన్నాడు. అప్పటికి వాన వెలిసింది.

అక్టోబరు 31, శుక్రవారం

ఈ రోజు శ్రీసుధ నన్ను మంచం మీద కూర్చోబెట్టి తలుపేసింది.

సగం మంది ఇలాగంటారు, సగం మంది అలాగంటారు, నాకు బుర్ర తిరిగిపోతంది, నాన్న ఏటి పెట్టినా బావుందంటాడు, ఈ నెల నువ్వు అబద్ధమాడవు కదా, నువ్వు సెప్పు అంది. నెమ్మది బావుందంటే ఇంక ఇదే దారి, పిడుగు పాటలు ఎప్పుడూ పాడను, కాసుల్ని ఎల్లనిచ్చేస్తాను, ఆడి బతుకు నా కోసం ఆపలేను అంది. బాగులేదంటే అన్నాను. అలాగైతే ఇన్నాళ్ళూ నాను సేసింది ఏటో నాకే తెలీదు అంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

నిజం చెప్తే ఈ పిల్ల కూలిపోతుంది. చెప్పకపోతే కాసులు పోతాడు. బావుంది అంటే వ్రతం పోతుంది.

నోట్లోంచి దానంతట అదే వచ్చింది. రేపు ఏకాదశి కదమ్మా, పంచుకం అయిదు రోజులూ మౌనవ్రతం పడుతున్నాను, మొక్కుంది, ఇప్పట్నుంచే మొదలు అన్నాను.

మొక్కు లేదు. ఆ మాట అనేశాక దేవుడి గదిలోకెళ్ళి గబగబా మొక్కుకున్నాను. ముందూ వెనకా అయింది, అంతే.

నవంబరు 1, శనివారం

మౌనం మొదటి రోజు. పంచుకంలో కొంగ కూడా చేప ముట్టదంటారు ఒడియా వాళ్ళు. నేను మాట ముట్టడం లేదు. వీధంతా తెలిసిపోయింది. కామాక్షి వదిన వచ్చి నా కాళ్ళకి పసుపు రాసి వెళ్ళింది. ఇంత పెద్ద వ్రతం మా వీధిలో ఎవరూ పట్టలేదట. సిగ్గుతో తల ఎత్తలేదు. దాన్ని కూడా భక్తి అనుకున్నారు.

శ్రీసుధ నా మొహం చూసి చూసి వెళ్ళిపోయింది.

నవంబరు 2, ఆదివారం, మధ్యాహ్నం 3

ప్రోగ్రాంకి బయల్దేరుతున్నాం. చీర మార్చడం మూడోసారి.

నవంబరు 3, సోమవారం

ఏం జరిగిందో వరసగా రాయాలి.

మండపం నిండిపోయింది. నల్ల టీషర్టులన్నీ వెనక, మిగతావాళ్ళు ముందు, పెళ్ళిలో రెండు వైపులవాళ్ళు కూర్చున్నట్టు. మేం రెండో వరసలో ఉన్నాం. ఆయన, నేను, కామాక్షి వదిన. స్టేజి మీద లోకనాథ్ లాప్‌టాప్‌తో. కాసులు ఒక పక్కన స్టూలు మీద, ముందు రబ్బరు పళ్ళెం లాంటిది ఒకటి. దాన్ని రెండు వేళ్ళతో తడుతున్నాడు. వాడి డ్రమ్స్ వెనకాల ఉన్నాయి, దుప్పటి కప్పి. ప్రోగ్రాం అయ్యాక అట్నుంచటే ఇంటికి పట్టుకెళ్ళాలని తెచ్చుకున్నాడు.

అయిదు పాటలు ఎలాగో అయ్యాయి. ఆరో పాటకి లోకనాథ్ కూడా చేతులు తీసేశాడు. శ్రీసుధ ఒక్కతే పాడింది. ఎంత చిన్నగా అంటే, మనిషి ఊపిరి తీస్తే తెలిసేటంత. అయిదారు వందల మంది ఊపిరి బిగపట్టారు. నా ముందు వరసలో లావుపాటి పెద్దమనిషి కళ్ళు మూసుకుని ఏడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఈ పాట విన్నాను గాని, నాకు కావలసింది అందులో లేదనే విన్నాను. శ్రీసుధ అందులో ఏం పెట్టిందో వినలేదు. నా పిల్ల ఆ చిన్న గొంతుతో ఇంతమందిని పట్టి నిలబెట్టింది. నా జీవితమంతా చిన్న గొంతే, ఒక్కరినీ నిలబెట్టలేదు.

పాట అయీ అవకముందే వెనకనుంచి పిడుగు, పిడుగు అని కేకలు. ముందువాళ్ళు లేచి చుప్ అన్నారు. యోగా క్లాసుకెల్లండెహె అని ఒకడు. నువ్వెల్లి రాళ్ళు కొట్టుకో అని ఒకమ్మాయి. కుర్చీలు కదిలాయి. శ్రీసుధ మైకు పట్టుకుని నిలబడిపోయింది. చిన్నప్పుడు బడిలో పద్యం మర్చిపోతే పెదవి ఎలా వణికేదో అలాగే వణికింది. నా వైపు చూసింది. కాసులు ఎవరి వైపూ చూడలేదు. చెప్పులు వేసుకుంటున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. కొట్టరా కాసులూ అన్నాను.

అన్నాను కాదు. అరిచాను. మండపం మొత్తం ఆగిపోయింది. ఆయన, మౌనం, మౌనం అని నా కొంగు లాగారు. కొంగు విడిపించుకుని ఇంకోసారి అరిచాను. ఏటి సూస్తన్నావు, దుప్పటి తియ్యరా అని కూడా అన్నానట. అది నాకు గుర్తు లేదు.

కాసులు దుప్పటి లాగేశాడు. శ్రీసుధ మైకులో, మా అమ్మండి, మౌనవ్రతంలో ఉంది అంది. ఇంక చూడాలి ఆ నవ్వులు. ఏడుస్తున్న పెద్దమనిషి కూడా నవ్వాడు. ఆ నవ్వుల మధ్యలోనే పిడుగు పడింది. పాట మొత్తం అరిచాను. ప్రతి మాటా నాకు వచ్చు. కామాక్షి వదిన ఒక చెవి మూసుకుని రెండో చేత్తో తొడ మీద తాళం వేసింది, అదీ తప్పుగా.

అంత గోలలో సుఖంగా ఉన్నాను.

తిరిగి వస్తూ ఆటోలో శ్రీసుధ నా భుజం మీద తల పెట్టింది. పుట్టినకాణ్నుంచి నానేటి సేసినా బావుందే అన్నావు, నీకేటి ఇష్టమో నాకిప్పుడు తెలిసిందమ్మా అంది. నా గొంతు అప్పటికే గీరుకుపోతోంది. ఆరో పాట బావుంది అన్నాను. అది తలెత్తి నా మొహంలోకి చూసింది. నమ్మింది. నా మాట నమ్మడం అంటే ఏమిటో మొదటిసారి చూశాను.

అదే ఆఖరి మాట. పొద్దున్న లేచేసరికి గొంతు లేదు. గాలి వస్తోంది, అంతే. తెంచిన మౌనాన్ని అమ్మవారే పట్టుకొచ్చి మళ్ళీ నోట్లో కుక్కింది. మిరియాల కషాయం తాగాను.

నవంబరు 4, మంగళవారం

నేను అరిచింది ఎవరో వీడియో పెట్టారు. మళ్ళీ రెండు వర్గాలు. ఆంటీకి జై అని సగం. ఆరో పాట తర్వాతి ఆ నిశ్శబ్దం ఎంత అందమైనది, ఈవిడెవరో పాడుచేసింది అని సగం. రెండోవాళ్ళు చెప్పింది నిజమే. గొంతుంటే క్షమించమని అడిగేదాన్ని.

శ్రీసుధ కాసులు వాళ్ళింటికెళ్ళి వచ్చింది. రెండు రకాలూ పాడతాను, ఒకరికి కోపమొస్తే రానీ, నువ్వుండాలి అందట. వాడు, టికెట్టు తీసీసేను కదా, సూద్దాం అన్నాడట. సూద్దాం అంటే మా వైపు వెళ్ళనూ వచ్చు, ఉండనూ వచ్చు.

నవంబరు 5, బుధవారం, కార్తీక పూర్ణిమ

తెల్లవారుజామున చెరువులో అరటి దొప్ప పడవ వదిలాం. అందరూ ఆ కా మా బోయి అని ఒడియా వాళ్ళ పడవల పాట అందుకుని కేకలు. నేను నోరు తెరిచి నిలబడ్డాను.

నవంబరు 6, గురువారం

సూరత్ బండి వేళ దాటిపోయింది. ఇప్పుడే పళ్ళేలు అదిరాయి.

గొంతు వచ్చింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు.